అలారం లేకుండా మెలకువ ఎట్ల వస్తది? నాకైతే చలి చెప్పేది

ప్రశ్న అడిగిన తమ్ముడు రాసింది ఇది: "నేను అలారం పెట్టుకోను. అయినా రోజూ పొద్దున ఐదుంపావుకు, అటో ఇటో రెండు నిమిషాల తేడాతో మెలకువ వచ్చేస్తుంది. ఒంట్లో నిజంగానే గడియారం ఉంటుందా, లేక ఇది వట్టి అలవాటా?"

ఉంటది తమ్మీ. నిజంగనే ఉంటది. నీకు ఒక్క ఐదుంపావే వస్తున్నదంటే నీ నసీబు మంచిది. ముప్పై ఒక్క ఏండ్లు నా గడియారాన్ని వారానికోసారి గుంజి, తిప్పి, మళ్ల గుంజిన్రు.

కింద ఇప్పటికే ముగ్గురు జవాబులు రాసిన్రు. ఒకాయన బ్రహ్మముహూర్తం గురించి నాలుగు పేరాలు రాసిండు. ఇంకొకామె రాగిచెంబుల నీళ్లు తాగుమన్నది. మూడో ఆయన నిద్రను కొలిచే వాచీ కొనుమని లింకు పెట్టిండు. నాకు అమ్మేది ఏం లేదు. నేను డాక్టర్‌ను కాదు, స్వామినీ కాదు. మహారాష్ట్రల బల్లార్షా దగ్గర ఒక బొగ్గుబాయిల, అంటే బొగ్గుగనిల, పంపు ఖలాసీగ (పంపు నడిపేటోన్నిగ) చేసి రిటైరైన మనిషిని. మా నాయన పెద్దపల్లి దిక్కు నుంచి వచ్చి ఈడ్నే ఉండిపోయిండు. ఇంట్ల తెలుగు, బజార్ల మరాఠీ, బాయిల హిందీ. నా తెలుగు సూటిగ లేకుంటే ఏమనుకోకున్రి.

మాకు మూడు షిఫ్టులు. ఫస్ట్ పొద్దున ఎనిమిది నుంచి, సెకండ్ నాలుగు నుంచి, నైట్ అర్ధరాత్రి పన్నెండు నుంచి. నైట్‌ను మరాఠోళ్లు రాత్రపాళీ అంటరు. వారానికొకటి మారేది. నైట్ షిఫ్టుల నా జాగ డిప్పు పంపు, డిప్పు అంటే బాయిల అన్నిటికన్న కిందికి దిగే వాలు. బాయిల ఊరే నీళ్లన్నీ జారి ఆడికే వస్తయి, ఆడ సంపు ఉంటది, సంపు మీద పంపు. నేను ఒక్కన్నే. కూసునేటందుకు ఒక కట్టె మొద్దు, నెత్తి మీద క్యాప్ ల్యాంపు, సద్దిడబ్బ, పంపు చప్పుడు. ఇంకేం లేదు. చప్పుడు మారిందంటే గాలి పట్టిందని లెక్క, లేచి సూడాలె. మారకుంటే కూసోవాలె. ఎనిమిది గంటలు.

ఆడ ఎండకాలం లేదు, చలికాలం లేదు. మీద చంద్రపూర్ జిల్లాల మే నెలల 47 డిగ్రీలు కొడ్తుంటది, కింద డిప్పుల అదే ఉక్క. డిసెంబర్ల మీద మంటలు ఏసుకుంటరు, కింద మళ్ల అదే ఉక్క. చెమట పట్టి బనీను ఒంటికి అంటుకొని ఉంటది. మరి నేను కొత్తగ పనికి ఎక్కిన మొదటి వారమే నాకు అర్ధరాత్రి దాటినంక ఎప్పుడో సన్నగ వణుకు మొదలైంది. ముందు అరచేతులు చల్లబడ్డయి. తర్వాత వీపు మీద, రెక్కల నడుమ, ఎవరో తడిబట్ట పెట్టినట్టు. గమ్చా తీసి మెడకు సుట్టుకున్న. తెల్లారి పంపు పని నేర్పే మామతోని చెప్పిన, గాలి బాగొస్తున్నది మామా, చలి పెడ్తున్నది అని. సొంత మామ కాదు, బాయిల పెద్దోళ్లందరూ మామలే.

మామ నవ్విండు. "గాలి కాదు పిలగా. నాలుగైంది. నీ పెయ్యి నాలుగు కొట్టింది" అన్నడు. పెయ్యి అంటే మా దిక్కు ఒళ్లు.

ఆయనకు వాచీ లేకుండె. చలి పుట్టిందంటే నాలుగు, చలి ఇడిసిందంటే ఆరు, ఉచ్చకు పోవాలనిపిస్తే ఏడు అనేటోడు. నేను నమ్మలే. నా దగ్గర హెచ్‌ఎంటీ వాచీ ఉండె, పెండ్లిల పెట్టింది, చావి తిప్పేది.

ఒక రాత్రి చావి తిప్పుడు మర్చిపోయిన. సూస్తే ఒకటీ నలభై. కొంచెంసేపైనంక మళ్ల సూస్తే ఒకటీ నలభై. నిద్ర దెబ్బకు ముందు అర్థం కాలే, చెవి దగ్గర పెట్టుకుంటే గప్‌చుప్. ఆడ ఇంకో మనిషి లేడు, పొద్దు లేదు, ఫోను ఎక్కడో మీద, బొగ్గు డబ్బాలు గుంజే హాలేజ్ దగ్గర ఉంటది. సరే, అంకెలు లెక్కపెట్టుకుందాం అనుకున్న. అరవై అయితే నిమిషం, కట్టె మీద సుద్దతోని ఒక గీత. గీతలు గీస్తనే ఉన్న. నలభై గీతలైనయి. అంటే రెండున్నర కూడా కాలేదన్నట్టు. ఇంతల చేతులు చల్లబడ్డయి. వీపు మీద తడిబట్ట పడ్డది. ఇదేంది, మామ లెక్క తప్పిందే అనుకున్న. కొద్దిసేపట్ల సర్దార్, అంటే బాయిల తిరిగి తనిఖీ చేసేటాయన, రౌండుకు వచ్చిండు, ఆయన ల్యాంపు దూరం నుంచి ఊగుకుంట రావుడు కనవడ్డది. ముందుగాల్ల టైమెంత అని అడిగిన. నాలుగూ ఇరవై.

నా గీతల లెక్కన రెండున్నర కాలే. నా చలి లెక్కన నాలుగైంది. చలే గెలిచింది.

ఈ ముచ్చట ఎన్నో ఏండ్లు నవ్వుకుంట చెప్పేటోన్ని. మా చిన్నోడు చంద్రపూర్‌ల కాలేజీల పాఠాలు చెప్తడు. ఒకరోజు విని, నాయనా, ఇదే పని ఫ్రాన్స్‌ల ఒకాయన చేసిండే అన్నడు. మిషెల్ సిఫ్ర్ అని, 1962ల, ఇరవై మూడేండ్ల వయసుల, ఆల్ప్స్ కొండల్ల ఒక గుహల దిగి రెండు నెలలు ఉన్నడట. గడియారం లేదు, పొద్దు లేదు. లేచినప్పుడు, పండుకునేటప్పుడు మీదున్నోళ్లకు ఫోన్ చేసి చెప్పేది, వాళ్లు టైము రాసుకునేది, ఆయనకు మాత్రం చెప్పద్దు. సెప్టెంబరు 14న నీ గడువైంది, పైకి రా అంటే, ఆయన లెక్కల ఇంక ఆగస్టు 20ఏ అయింది. సెకండుకు ఒకటి లెక్కన 120 దాక లెక్కపెట్టుమంటే ఐదు నిమిషాలు పట్టిందట! నా నలభై గీతలు యాదికొచ్చి నేను కుర్చీల నుంచి లేచి నిలవడ్డ. కాని ఆయన పండుకున్నవి, లేచినవి లెక్క తీస్తే ఒక్కో రోజు ఇరవై నాలుగున్నర గంటల దగ్గర పడ్డది. మనసు నెల రోజులకు కొంచెం తక్కువ పోగొట్టుకున్నది, పెయ్యి పోగొట్టుకోలే. ఆయన ఉట్టిగ పోయిండు, నేను జీతానికి పోయిన, గంతే తేడా.

నాలుగింటి చలికి కారణం కూడ మా చిన్నోడు చెప్తేనే తెలిసింది. మన పెయ్యి వేడి దినమంతా ఒక్కతీరు ఉండదట. సాయంత్రం ఎక్కువ, తెల్లారుజామున నాలుగు ఐదు నడుమ అన్నిటికన్న తక్కువ, ఒక డిగ్రీ దాక తేడా. పండుకున్నా పడిపోతది, మేల్కొని ఉన్నా పడిపోతది. పండుకున్నోనికి తెల్వదు, దుప్పటి గుంజుకుంటడు. మేల్కొన్నోనికే తెలుస్తది. వాచీ లేని మా మామ ఇదంతా ఏ పుస్తకం సూడకుండ చెప్పిండు.

ఇగ నేను ఊకోలే. పంపు పక్కన దిమ్మె మీద సుద్దతోని రోజూ చలి పుట్టిన టైము రాసిన. సర్దార్లు బాయి పైకప్పు గట్టిగ ఉందా అని చూసి తారీఖు రాస్తరు కదా, అట్లనే. మూడు నెలల్ల నా నైట్ వారాలన్నీ రాసిన. నైట్ మొదటి రోజు నాలుగుకు అటు ఇటు. మూడో రోజుకు నాలుగుంబావు దాటేది. ఆరో రోజుకు ఐదు దగ్గరికి జరిగేది. అంటే నా లోపలి గడియారం నైట్ డ్యూటీని పట్టుకుందామని ఎనుక ఎనుక నడుస్తున్నది, రోజుకు పది నిమిషాలో పావుగంటో. ఎనిమిది గంటలు జరగాల్సిన గడియారం ఆరు రోజుల్ల ఒక్క గంట జరిగింది! అది సగం కూడ పోకముందే వారం అయిపోయి షిఫ్టు మారేది. తర్వాత బొగ్గుపొడికి మంట అంటుకోకుండ సున్నపురాతి పొడి కొట్టేటోళ్లు వచ్చి నా రాతలన్నీ తెల్లగ కొట్టి పోయిన్రు. లేకుంటే ఫోటో పెట్టేటోన్ని.

ఎందుకు జరగదో కూడ చెప్తున్న. పొద్దున ఎనిమిదింటికి బాయి మీదికి రాంగనే ఎండ కండ్లల్ల గుచ్చుకుంటది. కండ్ల నుంచి పోయే రెండు నరాలు మెదడు అడుగున ఒకదాన్నొకటి దాటేకాడ, సరిగ్గ దాని మీదనే చిన్న కణాల గుత్తులు రెండుంటయి. రెండూ కలిపి ఇరవై వేల కణాలు. అదే తమ్మీ నువ్వడిగిన గడియారం. వెలుగు పడంగనే తెల్లారింది, లే అంటది అది. నేను ఇంటికిపోయి పండుకోవాలె, అది లే అంటది. ఎవరి మాట చెల్లుతది?

ఇంక పగటి నిద్ర గోస చెప్తే ఒడవది. మా ఆమె కిటికీలకు గోనెసంచులు తడిపి కట్టేది, చల్లదనానికి కొంచెం, చీకటికి కొంచెం. కూలర్ పెట్టేది. కరెంటు పోయేది. పిల్లలను వాకిట్లకు తోలేది. అప్పుడొస్తడు ఉల్లిగడ్డలోడు. వాడు పోయినంక పాత ఇనుపసామానోడు. పెండ్లిళ్ల దినాలైతే బ్యాండు. సుట్టాలొస్తే, "ఏందే, పది గొట్టినా మీ ఆయన ఇంక పండుడేనా?" అని మొకం మీదనే అంటరు. రాత్రి పదింటికి పండుకున్నోన్ని తెల్లారిందాక ఎవరన్న లేపుతరా? పగలు పండుకున్నోడంటే మాత్రం బద్దకపోడు. ఇప్పుడు బ్రహ్మముహూర్తం అని రాసిన అన్నకు ఒక్కటే చెప్తున్న: బ్రహ్మముహూర్తంల నేను ముప్పై ఒక్క ఏండ్లు మేల్కొనే ఉన్న, నాకు రక్తపోటు, గ్యాసు తప్ప ఏం రాలే. ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద క్యాన్సర్ల మీద పరిశోధన చేసే విభాగం ఉంది. అది 2007ల రాత్రి షిఫ్టును "క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్నవాటి" జాబితాల ఏసింది, 2019ల మళ్ల సూసి అండ్లనే ఉంచింది. రాగిచెంబుతోని పోయేది కాదది.

ఇగ నా అసలు బాధకొస్త. ఒక నైట్‌ల, వారం మొదటి రోజే, నేను నిద్రపోయిన. దాచుడేం లేదు. పగలు ఇంట్ల చుట్టాల పెండ్లి, కన్ను మూసింది లేదు. చలి పుట్టింది, గమ్చా సుట్టుకున్న, దిమ్మెకు ఆనుకున్న, గంతే. మళ్ల కన్ను తెరిచేసరికి బూట్లల్ల నీళ్లు. సంపు నిండి పారి మొద్దు కిందికొచ్చినయి. పంపు గాలి పట్టి ఒట్టిగ తిరుగుతున్నది, ఆ చప్పుడు మార్పు నాకు వినవడలే. బకెట్టుతోని నీళ్లు పోసి ప్రైమింగ్ చేస్తున్న, ఇంతల సర్దార్ మీది ఆఫీసరు, ఓవర్‌మన్, రానే వచ్చిండు. "డ్యూటీల నిద్రపోవుట" అని చార్జిషీటు. మూడు రోజులు సస్పెన్షన్. విచారణల నేను చెప్పిన, సార్, నాలుగింటికి పెయ్యి చల్లబడ్తది, అది నా చేతుల లేదు అని. రాసుకునేటాయన కలం ఆపి నవ్విండు. ఆ నవ్వు నాకు సస్పెన్షన్ కన్న ఎక్కువ తాకింది.

భోపాల్ గ్యాసు ఎప్పుడు లీకైంది? 1984 డిసెంబరు 2 దాటి 3 వచ్చే రాత్రి. చెర్నోబిల్ అణుకేంద్రం పేలింది 1986 ఏప్రిల్ 26, అర్ధరాత్రి 1:23కు. అమెరికాల త్రీ మైల్ ఐలాండ్ అణుకేంద్రంల ప్రమాదం 1979 మార్చి 28, తెల్లారుజామున నాలుగింటికి. అన్నిటికీ వేరేవేరే కారణాలు ఉన్నయి, మిషన్లు, వాల్వులు, పెద్దోళ్ల కక్కుర్తి. కాని మధ్యాహ్నం పన్నెండింటికి ఎందుకు కాలే అని అడిగేటోన్ని నేను. పంపు ఖలాసీ అడిగితే ఎవరు చెప్తరు?

సరే, షిఫ్టులు లేకుండ బాయి నడవదు, ఒప్పుకుంట. నీళ్లు రాత్రి ఊరుడు ఆపవు. కాని తిప్పే తీరు ఒకటుంటది. మా బాయిల ఫస్ట్ తర్వాత నైట్, నైట్ తర్వాత సెకండ్, సెకండ్ తర్వాత ఫస్ట్. అంటే ప్రతి వారం ఎనిమిది గంటలు ముందుకు గుంజుడు. తలకిందుల పద్ధతి ఇది! మనిషి లోపలి గడియారం తన మానాన తనను ఇడిస్తే ఇరవై నాలుగు గంటల పదకొండు నిమిషాలకు ఒక సుట్టు తిరుగుతదని 1999ల అమెరికాల కొలిచిన్రు. కట్టు విప్పిన ఎద్దు మేసుకుంట మేసుకుంట అవతలికి జరిగినట్టు, అది రోజూ కొంచెం ఆలస్యం దిక్కే జరుగుతది. అందుకే రాత్రి ఇంకో గంట మేల్కొనుడు అల్కగుంటది, గంట ముందు పండుకొమ్మంటే కన్ను మూతవడదు. నా సుద్ద రాతలు కూడ అటే జరిగినయి కదా. మరి షిఫ్టు కూడ అటే తిప్పాలె: ఫస్ట్, సెకండ్, నైట్. 1982ల అమెరికాల యూటా అనే రాష్ట్రంల, మా అసొంటి ఖనిజం పని చేసేటోళ్లకే, షిఫ్టు తిప్పే దిక్కు మార్చి, వారానికి బదులు మూడు వారాలకు ఒకసారి మారిస్తే, మనుషులు కుదుటపడ్డరు, పని కూడ పెరిగింది. పైస ఖర్చు లేని పని. కాగితం మీద బాణం గుర్తు తిప్పి రాసుడే.

ఇది తెల్వంగనే నేను దరఖాస్తు రాసిన. హిందీల, రెండు పేజీలు, చిన్నోడు టైపు కొట్టిండు. నెలన్నరకు జవాబొచ్చింది: "ఇది మొదటి నుంచి నడుస్తున్న పద్ధతి." గంతే. ఇంక నవ్వొచ్చేది ఏందంటే, మా తోటోళ్లే వద్దన్నరు. "ఇన్నేండ్లు గిట్లనే చేసినం, ఇప్పుడేందన్నా కొత్తగ" అన్నరు. మా కాలనీల పెండ్లాం మొగల కొట్లాటలన్నీ నైట్ నుంచి సెకండ్‌కు మారే వారమే అయితయని నేను లెక్కగట్టి చెప్పిన. ఎవరూ ఇనలే. నాకిప్పటికీ అదే నమ్మకం.

మళ్ల నీ ప్రశ్నకొస్త తమ్మీ, దూరం పోయిన. నీకు సరిగ్గ ఐదుంపావుకే ఎందుకొస్తున్నదంటే, లేవాల్సిన టైము కన్న గంట ముందటి నుంచే పెయ్యి తయారైతది. 1999లనే జర్మనీల పదిహేను మందిని పండుకోబెట్టి సూసిన్రు. రేపు ఆరింటికి లేపుతం అని చెప్పిన రాత్రి, ఐదు దాటంగనే వాళ్ల నెత్తురుల లేపే హార్మోను ఎక్కుడు మొదలైంది. తొమ్మిదింటికి లేపుతం అని చెప్పి మోసం చేసి ఆరింటికే లేపిన రాత్రి ఎక్కలే. నిద్రల ఉన్నోనికి టైము తెలుస్తనే ఉంది అన్నట్టు. అందుకే రైలు ఉన్న రోజు అలారం కన్న ముందే లేస్తం. మా బల్లార్షా స్టేషన్ల తెల్లారుజాము బండికి పోవాల్నంటే నేనైతే అలారం పెట్టనే పెట్టను.

ఇంకో ముచ్చట. లోపలి గడియారం పొద్దు వెలుగును సూస్తది కదా, ఆ పొద్దు అన్ని ఊర్లల్ల ఒక్క టైముకు రాదు. దేశం గడియారం మీర్జాపూర్ దిక్కు నుంచి పోయే 82.5 డిగ్రీల రేఖాంశం గీతది. మేము దానికి పడమర, 79 దాటి కొంచెం. లెక్క కడితే సూర్యుడు మా నెత్తి మీదికి పన్నెండు పదమూడు నిమిషాలు లేటుగ వస్తడు. నువ్వేడ ఉంటవో రాయలే. ఒడిశా దిక్కు జయపూర్‌ల ఉంటే ఆ గీత నీ ఇంటి పక్కనుంచే పోతది, నీ ఐదుంపావు, సూర్యుని ఐదుంపావు ఒక్కటే. మా ఊర్ల కాదు. నీది ఏ ఊరో, చిన్నప్పుడు మీ ఇంట్ల ఐదుంపావుకు ఎవరు లేచి చప్పుడు చేసేటోళ్లో కామెంట్ల రాయి, మిగతాది నేను చెప్త.

నేను బాయి పని ఇడిసి ఆరేండ్లయింది. పదింటికి పండుకుంట. నిన్న రాత్రి కూడ అంతే, గోడలు ఇంక కాలుతున్నయి, కూలర్ వేడిగాలి కొడ్తున్నది, ఒంటి మీద బనీను కూడ లేదు. నాలుగు దాటంగనే అరచేతులు చల్లబడ్డయి. కండ్లు మూసుకొనే దుప్పటి కోసం చెయ్యి సాపిన. ఒక్కరోజు బాయిల దిగకున్నా నా మూడు షిఫ్టులూ ఇంట్ల నాతోపాటు చేసినామె మా ఆమె. దుప్పటి అప్పటికే ఆమె గుంజుకొని ఉన్నది.